ఎడారి దారిలో ఆర్‌వీ: అమెరికా నైరుతికి ఇద్దరే వెళ్ళాలనుకుంటే

అమెరికాలో మనవాళ్ళు గ్రాండ్ కాన్యన్ చూసే పద్ధతి ఒకటుంది. లాస్ వేగాస్‌లో దిగడం, కారు అద్దెకు తీసుకోవడం, తెల్లారకముందే బయల్దేరి అర్ధరాత్రికి హోటల్ చేరడం. భార్యాభర్తలిద్దరూ ఆర్‌వీలో వెళ్తుంటే ఆ లెక్క పనికిరాదు. మీరు నడిపేది వంటగది, బాత్రూమ్, మంచినీళ్ళ ట్యాంకు, మురుగు ట్యాంకు ఉన్న ఐదారు టన్నుల బండి. దాన్ని ఆపాలన్నా, తిప్పాలన్నా, చల్లగా ఉంచాలన్నా టైమ్ పడుతుంది. అందుకని చూడాల్సిన చోట్ల జాబితాను ముందు సగానికి కోసేయండి, ఆ తర్వాతే మిగతా పనులు మొదలుపెట్టండి.

నేను చెప్పే దారి ఇది: లాస్ వేగాస్, వ్యాలీ ఆఫ్ ఫైర్, జయాన్ నేషనల్ పార్కు, అరిజోనాలోని పేజ్ ఊరు, మాన్యుమెంట్ వ్యాలీ, గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచైన సౌత్ రిమ్, మళ్ళీ వేగాస్. అటూ ఇటూ తిరిగేవి కలిపితే దాదాపు 1,000 మైళ్ళు. పది రోజులు పెట్టుకుంటే హాయిగా సాగుతుంది. వారమే సెలవు దొరికితే మాన్యుమెంట్ వ్యాలీ వదిలేయండి. మనసొప్పదు, కానీ వదిలేయండి.

ముందు నెల ఖాయం చేసుకోండి

ఏప్రిల్, మే మొదటి సగం, లేదంటే అక్టోబరు. నా ఓటు అక్టోబరుకే. వసంతంలో ఇక్కడ గాలులు ఎక్కువ. అంత ఎత్తు బండిని పక్కగాలి రోజంతా నెడుతుంటే స్టీరింగ్ పట్టుకున్నవాళ్ళకు సాయంత్రానికి భుజాలు పట్టేస్తాయి.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా వద్దే వద్దు. 2024 జూలై 7న లాస్ వేగాస్‌లో 120 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే దాదాపు 49 సెల్సియస్ నమోదైంది. ఆ ఊళ్ళో అంతకుముందెప్పుడూ అంత ఎండ కాయలేదు. "రెంటచింతల ఎండలు చూసినవాళ్ళం, మాకిదో లెక్కా" అనేవాళ్ళకు ఒక మాట. అక్కడ చొక్కా తడిసి ముద్దయితే ఒంట్లో నీరు పోతోందని తెలుస్తుంది. ఇక్కడి పొడిగాలికి చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది. తలనొప్పి మొదలయ్యాక గానీ పొద్దుటి నుంచి నీళ్ళు తాగలేదని గుర్తురాదు. పైగా ఆర్‌వీ గోడలు పల్చన. నడి మధ్యాహ్నం ఏసీ ఆగకుండా తిరిగినా లోపల చల్లబడదు. వేసవిలో కాలిఫోర్నియా ఎడారి లోయ డెత్ వ్యాలీలోకి బండి తీసుకెళ్ళకూడదని చాలా అద్దె కంపెనీలు ఒప్పందంలోనే రాస్తాయి.

ఎత్తు సంగతి కూడా మర్చిపోవద్దు. వేగాస్ సుమారు 2,000 అడుగుల ఎత్తులో ఉంటే సౌత్ రిమ్ దాదాపు 7,000 అడుగుల్లో ఉంది. ఒకే ప్రయాణంలో ఒకచోట ఏసీ, ఇంకోచోట హీటర్ తప్పదు. యూటాలోని బ్రైస్ కాన్యన్ పార్కు కూడా కలుపుకుంటే అక్కడి లోయ అంచు 8,000 అడుగులు దాటుతుంది. అక్టోబరు రాత్రుల్లో బయట పెట్టిన నీళ్ళ గొట్టం గడ్డకట్టే చలి ఉంటుంది, పడుకునే ముందు దాన్ని విప్పి లోపల పెట్టుకోండి.

ఎంత బండి కావాలి

క్లాస్ ఎ అంటే బస్సంత ఉంటుంది, ఇద్దరికి దండగ. క్లాస్ బి అంటే పెద్ద వ్యాను. ఎక్కడైనా పార్క్ చేసుకోవచ్చు గానీ ఒకరు వంట చేస్తుంటే రెండోవాళ్ళు మంచం ఎక్కి కూర్చోవాల్సిందే. డ్రైవర్ సీటు పైన పడక ముందుకు పొడుచుకొచ్చి ఉండేది క్లాస్ సి. మొదటిసారి వెళ్ళే జంటకు 22 నుంచి 25 అడుగుల క్లాస్ సి సరిపోతుంది. అంతకన్నా పొడవు తీసుకుంటే క్యాంప్‌గ్రౌండ్లలో చోటు దొరకడం కష్టమవుతుంది. గ్రాండ్ కాన్యన్‌లోని మేథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో 30 అడుగులు దాటిన బండికి అసలు అనుమతే లేదు.

రోజు అద్దె చూసి మురిసిపోకండి. మైళ్ళకు వేరే, జెనరేటర్ నడిపిన గంటలకు వేరే, గిన్నెలు దుప్పట్లకు వేరే కడతారు. గాలన్‌కు 8 నుంచి 10 మైళ్ళు వస్తే గొప్ప. అంటే మన దారికి 100 నుంచి 125 గాలన్ల పెట్రోలు. ఇన్సూరెన్స్ కాగితాల్లో ఒక్క విషయం మాత్రం వెతికి చదవండి: పైకప్పుకు, బండి అడుగుభాగానికి, పక్కన తెరుచుకునే గుడారం లాంటి ఆవ్నింగ్‌కు దెబ్బ తగిలితే డబ్బు వస్తుందా? చాలా పాలసీల్లో రాదు. మట్టిరోడ్ల మీద నడపకూడదనే షరతు కూడా అక్కడే దొరుకుతుంది.

రాత్రి ఎక్కడ ఆగాలో ముందే బుక్ చేసుకోండి

కారులో అయితే చీకటి పడ్డాక ఏదో ఒక మోటెల్ చూసుకోవచ్చు. ఆర్‌వీకి ఆ ధీమా లేదు. జయాన్‌లో వాచ్‌మన్ క్యాంప్‌గ్రౌండ్, గ్రాండ్ కాన్యన్‌లో మేథర్ రెండింటికీ రిక్రియేషన్ డాట్ గవ్ అనే వెబ్‌సైట్‌లో ఆరు నెలల ముందు బుకింగ్ తెరుచుకుంటుంది, మంచి తేదీలు ఇట్టే అయిపోతాయి. బుక్ చేసేటప్పుడు సైట్‌లో, అంటే బండి నిలుపుకోవడానికి మీకిచ్చే చోట, ఏమేం ఉన్నాయో చూడండి. వాచ్‌మన్‌లో కొన్ని సైట్లకు కరెంటు ఉంది, నీళ్ళు, మురుగు కనెక్షన్ లేవు. మేథర్‌లో సైట్ దగ్గర ఏదీ లేదు. దాని పక్కనే ఉన్న ట్రెయిలర్ విలేజ్‌లో మూడూ ఉన్నాయి, దాన్నే ఫుల్ హుకప్ అంటారు. వరుసగా రెండు రాత్రులు ఏ కనెక్షనూ లేకుండా గడిపితే మూడో రాత్రి ఫుల్ హుకప్ ఉండేలా పెట్టుకోండి. ఎడారిలో జంటల మధ్య తగాదాల్లో సగం స్నానం నీళ్ళ దగ్గరే మొదలవుతాయి.

నేషనల్ పార్కుల వార్షిక పాస్ అమెరికా నివాసులకు 80 డాలర్లు. 2026 జనవరి నుంచి బయటి దేశాల వాళ్ళకు అదే పాస్ 250 డాలర్లు చేశారు. పాస్ లేకపోతే గ్రాండ్ కాన్యన్, జయాన్, బ్రైస్‌తో సహా 11 పార్కుల్లో మనిషికి 100 డాలర్లు అదనం. ఇండియా నుంచి నేరుగా వచ్చే దంపతులు రెండు పార్కులు చూసినా పాస్ కొనుక్కోవడమే లాభం. వ్యాలీ ఆఫ్ ఫైర్ నెవాడా రాష్ట్రానిది, మాన్యుమెంట్ వ్యాలీ అక్కడి ఆదివాసీలైన నవాహోలది. ఆ రెండు చోట్లా ఈ పాస్ చెల్లదు.

తాళాలు చేతికి ఇచ్చే రోజు

ఆ రోజు ఎక్కడికీ దూరం పోవద్దు. కంపెనీ మనిషి అన్నీ పది నిమిషాల్లో చూపించేసి వెళ్ళిపోవాలని చూస్తాడు. ఒకరు అడుగుతుంటే ఇంకొకరు ఫోన్‌లో వీడియో తీయండి. బండి చుట్టూ, పైకప్పు అంచులు, టైర్లు కూడా తీయండి. టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2318 అని ఉంటే 2018లో 23వ వారంలో తయారైందని. అరుగుదల కనిపించకపోయినా అంత పాత టైరుతో ఎడారి ఎండలోకి వెళ్ళకండి, మార్చమని అడగండి. గాలి ఎప్పుడూ పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి.

బండి ఎత్తు, వెడల్పు అడిగి ఒక కాగితం మీద రాసి స్టీరింగ్ ఎదురుగా అంటించండి. క్లాస్ సి పైన ఏసీతో కలిపి సుమారు 12 అడుగులు ఉంటుంది. అలవాటుగా డ్రైవ్‌త్రూలోకి తిప్పబోయేటప్పుడు ఆ కాగితమే ఆపుతుంది.

సామాన్లు వేగాస్‌లోనే కొనేయండి. ఇండియన్ స్టోర్ ఇక్కడ దాటితే ఈ దారిలో మళ్ళీ దొరకదని అనుకోవాలి. మొదటి రాత్రికి వ్యాలీ ఆఫ్ ఫైర్ మంచిది. వేగాస్ నుంచి 50 మైళ్ళే. ఎర్రరాళ్ళ మధ్య ఆట్‌లాటిల్ రాక్ క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటు, నీళ్ళు ఉన్న సైట్లున్నాయి. ఏదైనా పనిచేయకపోతే మర్నాడు పొద్దున వెనక్కి వెళ్ళి అడగొచ్చు.

రోడ్డు మీద

రోజుకు 150 మైళ్ళు అనుకోండి, 200 దాటొద్దు. చివరి రోజు ఒక్కటే మినహాయింపు. సౌత్ రిమ్ నుంచి వేగాస్‌కు 280 మైళ్ళు దాకా ఉంటుంది. అది కూడా విలియమ్స్‌లోనో కింగ్‌మన్‌లోనో ఒక రాత్రి ఆగి రెండు ముక్కలు చేసుకుంటే సుఖం.

దిగుడు రోడ్లలో బ్రేకు మీద కాలు పెట్టి ఉంచకండి. బరువు బండ్ల కోసం ఉండే టో/హాల్ బటన్ నొక్కి, గేరు తగ్గించి ఇంజన్‌తోనే వేగం అదుపు చేయండి. మలుపుల్లో వెనక చక్రాల అవతల ఉన్న తోక బయటికి ఊగుతుంది. గ్యాస్ స్టేషన్‌లో పంపు స్తంభాన్ని రాసుకునేది ఆ తోకే. కాబట్టి బయటికి వచ్చేటప్పుడు కాసేపు నేరుగా ముందుకొచ్చి, ఆ తర్వాతే తిప్పండి. పెట్రోలు పోయించే ముందు వంట గ్యాస్ సిలిండర్ మూసేయాలి.

మామూలు ఫోన్ మ్యాప్‌కు మీది ఎంత పెద్ద బండో తెలియదు. ఈ దారిలో రెండు చోట్ల అది మిమ్మల్ని ఇరికిస్తుంది. మొదటిది జయాన్‌లో 1930లో తెరిచిన మౌంట్ కార్మెల్ సొరంగం. ఇంతకుముందు పెద్ద బండ్లకు డబ్బు కట్టించుకుని, ఎదురు వాహనాలు ఆపి పంపేవారు. 2026 జూన్ నుంచి 11 అడుగుల 4 అంగుళాల ఎత్తు లేదా 7 అడుగుల 10 అంగుళాల వెడల్పు మించిన వాహనాలను ఆ రోడ్డు మీదికే రానివ్వకూడదని నిర్ణయించారు. క్లాస్ సి ఏదైనా ఆ లెక్కలో పట్టదు. జయాన్ చూశాక వెనక్కి హరికేన్ ఊరికి వచ్చి, అక్కడి నుంచి 59, 389 నంబరు రోడ్ల మీదుగా ఫ్రెడోనియా, కనాబ్ చేరుకోండి. దూరం రెట్టింపవుతుంది గానీ రోడ్డు విశాలం. జయాన్ లోపల ఎలాగూ సీజన్‌లో షటిల్ బస్సే తిప్పుతుంది, బండి క్యాంప్‌గ్రౌండ్‌లోనే వదిలేయొచ్చు.

రెండోది మాన్యుమెంట్ వ్యాలీకి ఉత్తరాన మెక్సికన్ హ్యాట్ దగ్గరి మోకీ డగ్‌వే. యురేనియం ఖనిజం లారీల కోసం కొండ అంచున తొలిచిన మట్టిరోడ్డు, పక్కన గోడ లేని హెయిర్‌పిన్ మలుపులు. రాతి వంతెనలున్న నేచురల్ బ్రిడ్జెస్‌కు దగ్గరి దారి అని మ్యాప్ చూపిస్తుంది. చూపించనివ్వండి, మీరు పోవద్దు.

సైట్‌లోకి వెనక్కి పెట్టడం

దీనికి వేరే పేరా ఎందుకంటే, పక్క సైట్ల వాళ్ళు కుర్చీలు వేసుకుని మరీ చూసే కార్యక్రమం ఇది. ఒకరు నడుపుతారు, ఒకరు కింద నిలబడతారు. "ఏమండీ, రండి రండి... ఇటు... ఇటు కాదండీ, అటు!" ఈ భాషతో పని జరగదు. అద్దంలో చూసేవాళ్ళకు మీ ఇటు ఏదో, అటు ఏదో తెలియదు. "డ్రైవర్ వైపు", "ప్యాసింజర్ వైపు" అని మాత్రమే చెప్పుకోండి. అరుచుకోకుండా ఒకరికొకరు ఫోన్ చేసి స్పీకర్ పెట్టుకోండి. "ఆపు" అన్న మాట వినిపించిందంటే ఎందుకని అడగకుండా బ్రేకు వేయాలి. కిందున్న మనిషి అద్దంలో కనిపించకపోయినా ఆపేయాలి. నేల మీద రాళ్ళే కాదు, పైన చెట్టు కొమ్మలు కూడా చూడటం కిందున్నవాళ్ళ పని. అనుమానం వస్తే నడిపేవాళ్ళే దిగి ఒకసారి చుట్టూ చూసి రావాలి. నామోషీ ఏం లేదు, ఏళ్ళ తరబడి తిరిగేవాళ్ళూ అదే చేస్తారు.

వీలుంటే ఫ్రిజ్ ఉన్న పక్క సాయంత్రపు ఎండకు పడకుండా నిలబెట్టండి. చాలా ఆర్‌వీ ఫ్రిజ్‌లు వంట గ్యాస్ మీద నడిచే రకం. బయట వేడి మండుతుంటే, బండి ఒక పక్కకు ఒరిగి ఉంటే అవి సరిగా చల్లబరచవు.

కరెంటు, పోపు

30 యాంప్‌ల కనెక్షన్ అంటే 120 వోల్టుల మీద 3,600 వాట్లు, అంతే. ఏసీ ఒక్కటే 13 యాంప్‌లు లాగుతుంది. మైక్రోవేవ్ ఇంకో 12. ఆ రెండూ నడుస్తుండగా 700 వాట్ల రైస్ కుక్కర్ పెడితే ఠక్కున బ్రేకర్ పడిపోతుంది. అన్నం ఉడికేదాకా ఏసీ ఆపండి, లేదా అన్నం గ్యాస్ పొయ్యి మీద వండండి. జెనరేటర్ ఉంది కదా అనుకోవద్దు. అది బండి ట్యాంకులోని పెట్రోలే తాగుతుంది, ట్యాంకు పావుకు వచ్చేసరికి ఆగిపోతుంది. రాత్రి పది తర్వాత క్యాంప్‌గ్రౌండ్లలో దాన్ని నడపనివ్వరు కూడా.

లోపల పోపు వేయకండి. మంచం, పొయ్యి, పొగ అలారం మూడూ పది అడుగుల్లో ఉంటాయి. ఎండుమిరపకాయ చిటపటలాడగానే అలారం కూయడం మొదలుపెడితే చుట్టుపక్కల వాళ్ళంతా లేస్తారు. సింగిల్ బర్నర్ స్టవ్ ఒకటి కొనుక్కుని బయట సైట్‌లో ఉన్న బల్ల మీద వేసుకోండి. ఇంకా తేలిక కావాలంటే చింతపండు పులుసు పేస్టు, వేయించిన పోపు ఇంట్లోనే చేసి సీసాల్లో తెచ్చుకుంటే పది నిమిషాల్లో పులిహోర అయిపోతుంది. ఆవకాయ మాత్రం ప్లాస్టిక్ డబ్బాలోనే. బండి కదిలేముందు గాజు సీసాలన్నీ సింకులో తువ్వాలు చుట్టి పెట్టాలి. ఫ్రిజ్ తలుపు గడియ, అరల గడియలు, పైకప్పు కిటికీలు, మెట్టు, కరెంటు తీగ, నీళ్ళ గొట్టం చూసుకోవాలి. ఇది రోజూ ఒకరు చేసి, ఇంకొకరు మళ్ళీ చూడాలి. నమ్మకం లేక కాదు, పద్ధతి అంతే.

నీళ్ళు, మురుగు

ఎవరూ మాట్లాడటానికి ఇష్టపడని భాగం. ట్యాంకులు మూడు: మంచినీళ్ళది, సింకు, స్నానం నీళ్ళు చేరే గ్రే ట్యాంకు, టాయిలెట్‌ది బ్లాక్ ట్యాంకు. ఫుల్ హుకప్ ఉన్నా బ్లాక్ ట్యాంకు వాల్వ్ తెరిచి వదిలేయకండి. నీళ్ళన్నీ పారిపోయి గట్టిది అడుగున పేరుకుపోతుంది. మూసి ఉంచి, నిండాక ఒకేసారి వదలాలి. మన మగ్గు అలవాటు ఇక్కడ కలిసొస్తుంది, ఎక్కువ నీళ్ళు పడితే ఆ ట్యాంకుకే మేలు. కాగితం వాడితే ఆర్‌వీలకని అమ్మేదే వాడండి.

మురుగు వదిలే చోటైన డంప్ స్టేషన్‌లో చేతికి గ్లౌజులు వేసుకుని, గొట్టం రెండు వైపులా బిగించి, ముందు బ్లాక్ ట్యాంకు తెరవండి. అది పూర్తిగా ఖాళీ అయ్యాక గ్రే తెరిస్తే ఆ సబ్బునీళ్ళు గొట్టాన్ని కడిగేస్తాయి. అక్కడ కడగడానికి ఉండే కుళాయికి మీ మంచినీళ్ళ గొట్టం ఎప్పుడూ తగిలించకండి. కూరల నూనె సింకులో పోయకుండా గిన్నెలు ముందు కాగితంతో తుడిచేయండి, లేకపోతే ఎండకు గ్రే ట్యాంకు కంపు బండంతా పాకుతుంది.

స్నానానికి షవర్ కన్నా చిన్న బకెట్, మగ్గు నయం. రెండు గాలన్లలో ఒకరి స్నానం అయిపోతుంది. తాగే నీళ్ళు ట్యాంకువి కాకుండా విడిగా పెట్టుకోండి, మనిషికి రోజుకు ఒక గాలన్ లెక్కన.

నవాహోల నేల మీద

పేజ్ దాటి తూర్పుకు వెళ్తే నవాహో నేషన్. అక్కడి చట్టాలు వాళ్ళవి. మద్యం నిషేధం, అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయకూడదు, మనుషుల ఫొటో తీయాలంటే అడగాలి. మాన్యుమెంట్ వ్యాలీ లోపలి 17 మైళ్ళ మట్టిరోడ్డు మీదికి ఆర్‌వీలను రానివ్వరు. నవాహో గైడ్ జీపు మాట్లాడుకోండి, సొంత బండికి అనుమతి లేని చోట్లకు కూడా తీసుకెళ్తారు. పెట్రోలు దారిలోని కయెంటా ఊళ్ళో పోయించుకోండి.

టైమ్ విషయంలో ఇక్కడ అందరూ తికమకపడతారు. అరిజోనా వేసవికని గడియారం గంట ముందుకు మార్చదు. కానీ ఆ రాష్ట్రంలోనే ఉన్న నవాహో నేషన్ మారుస్తుంది, యూటా కూడా మారుస్తుంది. మార్చి నుంచి నవంబరు మొదటి వారం దాకా పేజ్‌కూ మాన్యుమెంట్ వ్యాలీకీ గంట తేడా. ఫోన్ ఏ టవర్ దొరికితే ఆ టైమ్ చూపిస్తుంది. పేజ్ దగ్గరి ఇరుకు లోయ యాంటిలోప్ కాన్యన్ టూర్లు నవాహోలే నడిపినా మామూలుగా పేజ్ టైమ్ ప్రకారమే బయల్దేరుతాయి. బుక్ చేసినప్పుడే ఏ టైమో అడిగి, ఫోన్‌లో ఆటోమేటిక్ మార్పు ఆపేసుకోండి.

ఎండా, వరదా

సౌత్ రిమ్‌లో లోయలోకి పోయే కాలిబాట బ్రైట్ ఏంజెల్ ట్రెయిల్ దిగడం తేలిక, ఎక్కడమే అసలు పని. దిగడానికి పట్టిన టైమ్‌కు రెట్టింపు ఎక్కడానికి ఉంచుకోండి. వేడి రోజుల్లో ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు దాకా లోయలో నడవొద్దని పార్క్ వాళ్ళే చెబుతారు.

ఎడారిలో వరద ఏమిటనిపిస్తుంది. 1997 ఆగస్టు 12న లోయర్ యాంటిలోప్ కాన్యన్‌లో 11 మంది సందర్శకులు కొట్టుకుపోయారు. వాన పడింది అక్కడ కాదు, మైళ్ళ దూరంలో. గట్టినేల నీటిని పీల్చుకోదు, పడినదంతా ఇరుకు లోయల్లోకి దూసుకొస్తుంది. టూర్ రద్దు చేశారంటే వాదించకండి. ఎండిన వాగు ఎంత చదునుగా, అందంగా కనిపించినా అందులో బండి నిలపకండి. రోడ్డు మీద నీళ్ళు పారుతుంటే అవతలి ఒడ్డు దగ్గరే అనిపించినా ఆగండి. అరిజోనాలో అడ్డుపెట్టిన రోడ్డులోకి వెళ్ళి ఇరుక్కుంటే కాపాడిన ఖర్చు మీతోనే కట్టించే చట్టం ఉంది. దాన్ని అక్కడి జనం "తెలివితక్కువ డ్రైవర్ల చట్టం" అనే పిలుస్తారు.

సాయంత్రాలు గాలి లేచిందంటే ముందు ఆవ్నింగ్ మడిచేయండి. గాలి లేకపోయినా, బండి వదిలి ఎక్కడికైనా వెళ్తున్నా, పడుకుంటున్నా మడిచేయండి.

బండి తిరిగి ఇచ్చేటప్పుడు

వేగాస్ ఊళ్ళోకి రాకముందే, చివరి రాత్రి క్యాంప్‌గ్రౌండ్‌లోనే రెండు మురుగు ట్యాంకులూ ఖాళీ చేసుకోండి. నిండుగా తీసుకెళ్తే కంపెనీ బాగా గుంజుతుంది. పెట్రోలు ఎంత ఉండగా ఇచ్చారో అంత నింపి, బిల్లు దాచుకోండి. మైళ్ళ మీటరు, జెనరేటర్ గంటల మీటరు ఫొటో తీయండి. మొదటి రోజు తీసిన వీడియో పక్కన పెట్టుకుని బండి చుట్టూ మళ్ళీ ఒకసారి తీయండి. ఫ్రిజ్ వెనక అర, డ్రైవర్ సీటు పైన పడక మూల, షవర్ హుక్కు చూశాకే తాళాలు ఇవ్వండి. ఛార్జర్లు, కళ్ళజోళ్ళు ఎక్కువగా మిగిలిపోయేది ఆ మూడు చోట్లే.